పొగ లేని పొగగొట్టం

తల్కవానోలో, చేపపిండి ఫ్యాక్టరీ వెనక,
సంఘం హాల్లో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు.
రికార్డరు ఎర్రచుక్క వెలిగాక
అడిగాను:
ఒకటి నుంచి పది దాకా
నీ బతుకు ఎంత బాగుంది?

నవేల్‌కి పదహారేళ్ళు. అరచేతిలో వలతాడు కోసిన గీత.
"ఏ రోజుది?" అన్నాడు.

కాగితంలో ఆ గడి లేదు.
మడిచి తొడ కింద పెట్టుకు కూర్చున్నాను.

పోయిన నెలే కెమెరాలిచ్చి పంపాం,
బాగున్నదేదో బాగాలేనిదేదో తీసుకు రమ్మని.
సముద్రాలొస్తాయనుకున్నాను,
పొద్దుగూకే ఆకాశాలూ.
ఎలియాసర్ తెచ్చింది ఒక గడియ.
తొమ్మిదిమంది ఇంట్లో
స్నానాలగది తలుపుకి కొత్తగా బిగించిన గడియ.
"లోపలున్నంతసేపూ నన్నెవరూ పిలవరు."
దాన్నే పద్నాలుగు ఫోటోలు తీశాడు,
రెండు మసకగా.

మిల్యరాయ్ ఫోటోలో ఏమీ లేదు.
తెల్లటి ఆకాశం, పొగ లేని పొగగొట్టం.
వెనక రాసుకున్నాను: మంచి గాలి. బాగు.
తలకిందులుగా చదివేసి
నా పెన్ను లాక్కుంది.
"కంపు లేదంటే నాన్న ఇంట్లో ఉన్నట్టు.
నాన్న ఇంట్లో ఉంటే అమ్మ మెల్లగా మాట్లాడుతుంది.
మెల్లగా మాట్లాడిందంటే
రొట్టె అప్పు తెచ్చినట్టు.
కంపు కొడితేనే మాకు బాగున్నట్టు."
కొంచెం ఆగి, తనే,
"తమ్ముడికి మాత్రం ఉబ్బసం."

రాత్రి హెడ్‌ఫోన్లు తగిలించుకుని టైపు చేస్తూ
ఆ ఆగడం దగ్గర ఆగిపోయాను.
కుండలీకరణాల్లో రాయాలట: మౌనం, ఐదు సెకన్లు.
వెనక్కి తిప్పి విన్నాను. మళ్ళీ తిప్పాను.
ఐదు కాదు, నాలుగున్నర.
అందులో ఎవరిదో కుర్చీ కిర్రుమంది,
బయటెక్కడో కుక్క,
నేను గొంతు సవరించుకోవడం.
అంటే ఏదో అడగబోయి మానుకున్నానన్నమాట.
ఏమిటో గుర్తు రావడం లేదు.

బాగోగులు ఒక్క మాటే కదా,
ఒకే ఊపిరిలో అనేది.
పట్టికేమో కత్తెర పట్టుకు కూర్చుంది:
బాగుకి ఒక వరుస, ఓగుకి ఒక వరుస.
కంపుని ఎటు పెట్టను?
నాలుగుసార్లు అటూ ఇటూ జరిపి
సేవ్ చెయ్యకుండానే మూసేశాను.

శుక్రవారం తిరుగు బస్సులో
కొండ మలుపు దగ్గర గుప్పున కొట్టింది.
కిటికీలు టపటపా మూశారు.
ముందు సీట్లో ముసలాయన
పనిలోకి పిలిచారల్లే ఉందని ఎవరితోనో అన్నాడు.
నేను సంచిలోంచి కాగితాలు తీసి
వెనక నుంచి ముందుకి, ముందు నుంచి వెనక్కి
తిరగేస్తున్నాను.
వయసులున్నాయి, తేదీలున్నాయి,
గడియ ఎత్తు కూడా రాసుకున్నాను.
ఆ పిల్లాడి పేరు
ఏ పేజీలోనూ లేదు.