పైదారం

మిషను తలని బియ్యం సంచిలో చుట్టి
కొత్తవాల్ చావడి సందుకి మోసుకొచ్చాను,
మెట్ల కింద దైవసహాయం కొట్టుకి.

కింద ఉచ్చులు పడుతున్నాయి.
వారంగా బాబిన్ కేసు మరనే బిగిస్తున్నాను,
కిందది కిందే చెడి ఉంటుందని.

ఆయన గుడ్డ తిరగేశాడు.
"కింద ఉచ్చు పడితే తప్పు పైదారందమ్మా."
బాబిన్ కేసుని దారంతో వేలాడదీసి కుదిపాడు.
బెత్తెడు జారి ఆగాల్సింది
అసలు కదల్లేదు.
"పాపం, దీన్నెందుకు దండించావు?"

పైమర విప్పాడు. స్ప్రింగు, రెండు బిళ్ళలు
అరవ పేపరు మీద.
బిళ్ళల సందులోంచి సూదిమొనతో తీశాడు
నువ్వుగింజంత పీచు.
ఖాకీ.

నేనెన్నడూ ఖాకీ కుట్టలేదు.
నాకంటే ముందు ఈ పెడలు తొక్కిందెవరో,
ఏ కండక్టరు జేబుకి ఆఖరి కుట్టేసి
మిషను అమ్ముకున్నారో!
పదకొండేళ్ళుగా నా జాకెట్ల దారం
ఆ పోగుని ఒరుసుకుంటూనే దిగింది.

ఉఫ్ అని ఊదేశాడు.

"పాదం దించాకే బిగువు చూడాలి,
ఎత్తి ఉంటే అంతా వదులే" అంటూ
పాత లంగా ముక్క పెట్టి
చేత్తో చక్రం తిప్పాడు.
పైనా కిందా ఒకటే వరస, ఆవగింజలు పోసినట్టు.

నూటయాభై అడిగాడు.
బేరమాడలేదు.