ఇంకా చదవండి

యూనిఫాం ఏస్కోవద్దన్నరు, పిల్లగాడు జడుస్తడని.
పెండ్లిళ్లకు తొడిగే గీతల అంగీ ఏస్కుంటే
ఎవలదీ లగ్గం అనడిగింది మా ఇంటామె.
పదహారేండ్లోని కేసు అన్న.

స్టేషన్ ఎన్కరువు, లాకప్ కనపడకుండ
దుప్పటి అడ్డం గట్టిన గది.
ఎదురుంగ శశిప్రణీత్, ఇంటర్ ఫస్టియర్,
మీసం ఇంకా పెన్సిలు గీతే.
బెంచీ చివర్ల తండ్రి. హన్మకొండ చౌరస్తాల జిరాక్సు షాపు.
నేను కొట్టినకొద్ది ప్రింటరు దిక్కే చూస్తుండు,
కాయితం వంకరొస్తే లేసి సదురుతుండు. అలవాటు.

మొన్నటి వానకు నాలా పొంగి నయీంనగర్ల
ఇండ్లల్లకు నీళ్లొచ్చిన పొద్దు
కనకవ్వ తన ఫ్రిజ్జు మీద కూసుంది.
కాళ్లు నీళ్లల్ల, ఒళ్లె బియ్యం సంచి.
ఎవలో మిద్దె మీదికెళ్లి ఫోటో తీసిండ్రు.
దానికి ఈడు పెట్టిన రాత:
"ఫ్రిజ్జు ఎక్స్‌ప్రెస్. ఆడోళ్లకు టికెట్ లేదు."

సామాజిక నేపథ్య నివేదిక.
మొదటి ఖానా, ఇంట్ల ఎందరు.
ఆరో ఖానా, దోస్తులెవరు.
"గ్రూపుల రెండొందల పన్నెండు మంది సార్."
ఖానాల నాలుగు పేర్లే పడ్తయి.
ఇంకా కిందికి, కారణం.
"నవ్వుతరని."
గంతేనా?
"గంతే సార్. పొద్దుగాల్నే డిలీట్ చేసిన గద సార్."
జిరాక్సాయన అప్పుడు తలెత్తిండు.
అసలుది చింపితే కాపీలు తిరిగి రావని
ఆ గదిల ఆయనకు తెల్సినంత ఎవలకు తెల్సు?
నోరు తెరిచి, మూసుకున్నడు.

నిందితుడు అని రాయొద్దు.
చట్టంతో ఘర్షణ పడిన బాలుడు అని రాయాలె.
ఘర్షణంటే రెండూ రాసుకోవాలె గద.
చట్టానికేం గీరుకపోలే.
పిల్లగాని గోర్లు మాత్రం నెత్తురొచ్చేదాక కొరికి ఉన్నయి.

కనకవ్వ వాంగ్మూలం నిన్ననే తీస్కున్నం:
"మొదటి ముచ్చటకు నేను గూడ నవ్విన బిడ్డా.
మనుమరాలు చదివింది. బస్సెక్కినట్టే ఉన్న మరి.
ఆ ఫ్రిజ్జుకు ఇంకా ఐదు కిస్తీలున్నయి, అది వేరే నవ్వు.
కింద ఇంకోటుందని పొల్ల చెప్పలే.
రాత్రి ఏడుస్తుంటె ఫోను గుంజుకున్న.
నాకు సదువు రాదు. పక్కింటాయనకిచ్చిన, చదువుమని.
ఆయన చదవకుండ తిరిగిచ్చిండు.
గప్పుడర్థమైంది."

ఆ రాత కింద నీలి అక్షరాలల్ల
ఇంకా చదవండి అని ఉంటది.
ఒత్తితే తెరుచుకునేది ఒక్క గీత.
అందుల ఒక కులం పేరు, దాని తోకకు ఇంకో మాట.
ఇక్కడ రాయను.
అక్కడ రాయక తప్పలే,
ఉన్నదున్నట్టు, పొల్లు పోకుండ, కొటేషన్ల నడుమ.
మా నాయినమ్మ కూలి గింజలకు పోతె
వాకిట్ల నిలబెట్టి ఆ మాటతోనే పిలిచేటోళ్లు.
నా ఏళ్లకు అది తప్పులు లేకుండ వచ్చింది.

"ఎక్కడ్నో చూసి అతికిచ్చిన సార్.
అర్థం తెలిస్తే పెట్టకపోదు."
తెల్సు వానికి.
కొంచెం తెల్సు.
ఎంత తెల్సన్నది బోర్డు మేడం తేల్చాలె.

సంతకాలైనయి. తండ్రి మూడు కాపీలు లెక్కబెట్టి
నాలుగు మూలలు కలిపి, పిన్ను కొట్టి ఇచ్చిండు.
పోయేముందు పిల్లగాడు నా అంగీ దిక్కు చూసి
మీరు పోలీసేనా సార్ అన్నడు.

ఇంటికొచ్చి, ఆ అంగీ విప్పకుండనే ఫోను తీసిన.
సోమవారం రాత్రి బందోబస్తు డ్యూటీల
నాకూ వచ్చింది ఆ ఫోటో.
చూసిన. టికెట్ లేదన్నకాడ నవ్విన.
నీలి అక్షరాలు ఒత్తలే.
జమ్మికుంట బామ్మర్దికి పంపిన.

ఉన్నదింకా.
ఏలు ఒత్తిపడితే నా కోసం తొలగించు అన్నదొక్కటే వస్తుంది,
అందరి కోసం అన్నదానికి గడువు దాటింది.
దాని కింద బామ్మర్ది జవాబు,
మూడు పసుపు మొఖాల పక్కన:
ఇంకున్నయా బావా, ఇసొంటియి?