నూట ముప్పై బై ఎనభై

డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర జెరాక్స్ షాపు.
నా కుర్చీకి ఒక కాలు పొట్టి,
నోరు విప్పినప్పుడల్లా ఊగుతోంది.
పేరు బెందాళం మైథిలి. తండ్రి పేరు. పుట్టిన తేదీ.
కుర్రాడు రెండు వేళ్లతోనే కొడుతున్నాడు,
ఒక్క తప్పూ లేదు.

పదిహేనో గడి దగ్గర ఆగాడు.
శిక్షణలో ఎప్పుడైనా పొడిగింపు గానీ, క్రమశిక్షణ చర్య గానీ?
అవును. కాదు.
"అందరూ కాదే పెడతారు మేడమ్" అంటూ
బాణం గుర్తుని అటే తోలేశాడు,
ఇల్లు తెలిసిన గేదెని తోలినట్టు.
ఆగమన్నాను.

ఉద్దానం మనిషి, మడ్డు దాలయ్య.
కవిటి అవతల జీడితోటకి కాపలా.
కిడ్నీ వార్డులో పద్నాలుగో మంచం.
గంటగంటకీ బీపీ చూసి రాయమన్నారు.
రెండింటికి చూశాను. మూడింటికి చూశాను.
నాలుగింటికి కుర్చీలోంచి లేవలేదు.
నాలుగింటిదీ ఐదింటిదీ కలిపి
ఒకే ఊపులో రాసేశాను:
నూట ముప్పై బై ఎనభై.
నూట ముప్పై బై ఎనభై.
నా దస్తూరీ బావుంటుంది.
ఏడో తరగతిలో స్టీలు గ్లాసు ఇచ్చారు దానికి.

ఐదున్నరకి సెలైన్ మార్చడానికొచ్చిన సిస్టర్ పైడమ్మ
ఆయన మణికట్టు పట్టుకుని
నన్ను పిలవలేదు, అరిచింది.
పైన అరవై. కింద అంకె దొరకలేదు.

ఆయన బతికాడు.
ఎవరికి చెప్పినా ముందు ఈ ముక్కే చెబుతాను,
అదేదో నేను చేసిన పనైనట్టు.

విచారణకి ఆయన్నీ తెచ్చారు, చక్రాల కుర్చీలో.
"సూసింది బాబూ. పట్టీ కట్టింది, గాలి కొట్టింది.
నాను సూస్తానే ఉన్నాను.
ఆ పాపది తప్పేటీ నేదు.
రాత్రల్లా తిరిగి తిరిగి కాళ్లీడ్సుకుపోనాది."
గదిలో అందరూ నా వైపు తిరిగారు.
"చూడలేదు సార్" అన్నాను.
గట్టిగా కాదు. రెండోసారి అడిగించుకుని.
దాలయ్య మొహం తిప్పుకున్నాడు,
తెచ్చిచ్చిన జీడిపప్పు పొట్లం
పుచ్చుకోకుండా తోసేసినట్టు.

మూడు నెలలు పొడిగించారు.
అమ్మకి మాత్రం
ఆసుపత్రిలో మనుషులు చాల్లేదు, ఉండమన్నారు, అని చెప్పాను.
ఇప్పటికీ అదే నమ్ముతోంది.
పక్కింటావిడకి కాస్త గర్వంగా చెబుతుంది కూడా.

మొన్న సీనియర్ ఫోన్ చేసింది:
"కాలేజీ కాగితంలో తేదీలే ఉంటాయే, కారణం ఉండదు.
నోరు మూసుకుని కాదు పెట్టు."
నిజమే, ఉండదు.
నాలుగు నించి ఐదున్నర దాకా ఏమైందో
కేస్ షీట్లో లేనట్టే.

ఇదీ ఒక గడే.
చూడకుండా నింపడం నాకొచ్చు.
ఈసారి దస్తూరీ కూడా అక్కర్లేదు,
చుక్క చాలు.

"అవును పెట్టు."
కుర్రాడు మొదటిసారి నా మొహం చూశాడు.
నొక్కగానే కింద ఇంకో గడి తెరుచుకుంది.
వివరించండి. ఐదు వందల అక్షరాలు మించరాదు.

చెబుతూ పోయాను. వార్డు, మంచం, గంటలు.
దాలయ్య పేరు నోటిదాకా వచ్చి ఆగింది,
అది ఆయనది.
అలసట వల్ల, అన్నాను. తీసెయ్యమన్నాను.
మళ్లీ పెట్టమన్నాను, అబద్ధమైతే కాదు కదా.
కుర్రాడు విసుక్కోలేదు.
ఆయన బతికాడని చెప్పేలోపు
అక్షరాలు అయిపోయాయి.

బయట ఇచ్ఛాపురం బస్సు
టెక్కలి, పలాస, కంచిలి అని అరుస్తోంది.
కుర్చీ ఊగింది.

"ఏదోటి కొట్టెయ్యాలి మేడమ్."
"అలసట వల్ల, అది తీసేస్తే
ఒక మనిషి బతికాడని రాయడానికి
చోటు సరిపోతుందా?"

జవాబు చెప్పలేదు.
తెర మీద వేలు పెట్టి,
పెదాలు కదుపుతూ,
ఒక్కో అక్షరాన్నీ తాకుతూ
లెక్కపెట్టడం మొదలెట్టాడు.
ఒక్కటీ దాటెయ్యలేదు.