కోళ్లకు నీళ్లు బంద్

పర్లపెట్టను ఎత్తితే బరువే లేదు.
ఎండిన పత్తికాయ లెక్క చేతుల కూసున్నది.
రెక్కల కింద ఏలు పెట్టి ఎద తడిమిన,
బొమిక కొడవలి అంచోలె తగిలింది.
దసరాకు ఎర్రగున్న తురాయి
ఇయ్యాల ఉడకబెట్టిన టమాట తొక్క.

"కోస్కుందం, ఎట్లాగు ఆదివారమొస్తుంది" అన్నడు మరిది నిరంజను.
"ఏమున్నదని కోస్తవ్‌ర? ఈకలు పీకితే నువ్వే సిగ్గుపడ్తవ్"
అన్నది అత్త ఈదమ్మ, ఆకు నములుకుంట.

బుధవారం దేవరకొండ పోయిన.
పశువుల దవాఖానల కుర్మయ్య సారు అడిగిండు,
"ఎన్నున్నయమ్మ?"
"పదకొండు. పుంజుతోటి పన్నెండు."
"ఎంతెంత తూగుతయ్?"
నవ్వొచ్చింది. అమ్మేటప్పుడే తూస్తం సారూ,
సాదేటప్పుడు ఎవలు తూస్తరు?

లెక్కగట్టి కాయితం ముక్క మీద రాసిచ్చిండు.
మందు సీసా, సూది లేని సిరంజి చేతుల పెట్టిండు.
"మాపటి సంది నీళ్లు బంద్ వెట్టు.
దప్పికైతేనే పొద్దుగాల మందునీళ్లు మిగలకుంట తాగుతయ్.
పది దినాలు గుడ్డు తినొద్దు, అమ్మొద్దు, ఎవలికియ్యొద్దు."

ఆ రాత్రి
గంపల కింద అవి గునుస్తుంటే
మంచం మీద నేను బొర్లిన.
నీళ్లకు మాడుడు మా ఊరికి కొత్తా?
ట్యాంకరు కోసం బిందెలు వరుస వెట్టి
తెల్లార్లు కూసున్నోళ్లం.
నోరులేనిదాన్ని నా చేత్తోటి మాడ్చుడే కొత్త.
ఒకసారి లేచి చెంబు గూడ పట్టుకున్న.
చీకట్ల నుంచే అత్త అన్నది, "పండుకో పో."

తెల్లారి మట్టిచిప్పల మందునీళ్లు పోసి
గంపలెత్తిన.
బోసిమెడ కోడి అన్నిట్లకన్న ముందురికింది,
ఎప్పటి లెక్కనే పర్లదాన్ని పొడిచి ఎన్కకు నూకింది.
పర్లదాన్ని ఒళ్ల పెట్టుకొని
ముక్కు తెరిచి, సిరంజితోటి
చుక్క,
ఆగి,
ఇంకో చుక్క.

ఆ దినమే బడిల మా నవనీతకు
నులిపురుగుల గోలి ఇచ్చిండ్రు.
"తియ్యగున్నదే అమ్మ. కోళ్ల మందు గూడ తియ్యగుంటదా?"
నాకెట్ల ఎరుక బిడ్డ, అవి చెప్పవు.

అత్త పాత టైరుల
పొయ్యి బూడిద, మెత్తటి మన్ను, నలిపిన యాపాకు పోసింది.
"లోపలిది మీ సారు చూస్కుంటడు,
పైన పేండ్ల సంగతి నేను చూస్త."
పుంజు అందుల పొర్లి పొర్లి
కాళ్లు సాపి సచ్చినట్టు పడ్డది.
నవనీత ఏడ్వబోయింది.
లేచి దులుపుకున్నది, మా అందరి మీద బూడిద.

మర్నాడు వాకిట్ల రెట్టల
తెల్లగ, సేమియా లెక్క, ఇంకా మెలి తిరుగుతున్నయ్.
చూస్తుండంగనే పర్లది, ఏసిన పర్లదే,
ఉరికొచ్చి దాన్నే పొడవబోయింది!
చీపురు పట్టుకొని వాకిలంత తరిమిన.
"థూ, నీ మొకం మండ, నీ కడుపుల పాడు నీకే తీపా!"
గోడ మీద కూసోని నిరంజను ఒకటే నవ్వుడు.
ఊడ్చి, గుంత తవ్వి, సున్నం చల్లి పూడ్సిన.

ఏడో దినం సాలమ్మ బిడ్డ వచ్చింది, నిండు నెలలు.
"అక్కా, రెండు గుడ్లుంటే..."
"లేవు" అన్న, బుట్ట మీద తుండు కప్పి.
మందు మాట చెప్తే
కోళ్లకు రోగమని ఊరంత అంటరని భయం.
ఆ మాపు పదిహేడు గుడ్లు
బత్తాయి చెట్టు మొదట్ల పగలగొట్టిన.
పదిహేడు సొనలు గుంతల నుంచి నన్నే చూసినయ్.

గడువు దాటినంక మైలదాని గుడ్లు రెండు పట్కపోయిన.
"మొన్న లేవంటివి గద?"
అప్పుడు చెప్పిన, అంత.
ఆమె గుడ్డు చెవి కాడ పెట్టి ఊపి చూసింది,
తీసుకున్నది.

పర్లది ఇంకా గుడ్డు పెట్టలే.
ఎద బొమిక అట్లనే ఉన్నది.
నిన్న ఎత్తబోతే మాత్రం
నా చెయ్యి పొడిచింది, గట్టిగ, నెత్తురొచ్చేటట్టు.
పోయి నిరంజనుకు చూపెట్టిన.
సూడు.
ఇగ కోస్తవా?