పదకొండు తరువాత

"నీకీ యోగా ఎట్లబ్బింది టీచరమ్మా?"
ఉగ్గాణి పొట్లం విప్పుతూ అడిగింది ఈరమ్మ.

అడిగినోళ్లకి నడుం నొప్పని చెబుతాను,
షుగరని, డాక్టరు చెయ్యమన్నాడని.
అవీ అబద్ధాలేం కావు.

మా నాయన దస్తగిరి దూదేకేవాడు.
ఆదోని సందుల్లో భుజాన విల్లు, చేతిలో కొయ్య సుత్తి.
టుంయ్ మని తంతి మోగితే
ఆడవాళ్లు పాత పరుపులు ఈడ్చుకొచ్చేవాళ్లు.
పొద్దుగూకేసరికి కనుబొమలు, మీసాలు, చెవుల్లో వెంట్రుకలు
అన్నీ తెల్లబడి ముసలోడై ఇల్లు చేరేవాడు.
మొహం కడిగితే మళ్లీ మా నాయన.
లోపలికి పోయిన దూదిని కడిగే నీళ్లు
మా బోరింగులో లేకపోయె.

ఫోము పరుపులొచ్చినాయి. విల్లు అటకెక్కింది.
దగ్గు మాత్రం కిందనే ఉండిపోయింది.
నేను జిన్నింగు మిల్లుకు పోయినాను,
ముక్కుకు చెంగు కట్టుకుని, ఎనిమిది సీజన్లు.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ రాత్రి
ఆయన ఊపిరి లెక్కబెట్టాను.
చెయ్యగలిగింది ఇంకేమీ లేక.
తీసుకునేది పొట్టిగా, వదిలేది పొడుగ్గా.
కునుకు పడితే మళ్లీ ఒకటి నుంచి.
పదకొండు అన్నాను.
పన్నెండు కోసం ఆగాను.

నలభయ్యోనాటి ఫాతెహా అయినాక
మిల్లు మెట్లెక్కుతూ మూడో మెట్టు మీద కూలబడ్డాను.
చావంటే భయం కాదు.
ఈ లెక్క నా బిడ్డకి అప్పగించి పోతానేమోనని.

రిటైరైన డ్రిల్లు మాస్టరు నాగభూషణం సారు నేర్పినాడు.
మొదటి నెలంతా ముక్కు చీదడమే నా ప్రాణాయామం.

ఇప్పుడు తెల్లారి ఐదున్నరకి
పత్తి బండ్లు రాకముందే
మార్కెట్ యార్డు రేకుల కింద, గోనె పట్టాల మీద నా క్లాసు.
మెడ తిరగని హమాలీ ఉరుకుందప్ప,
మిల్లు ఆడవాళ్లు, ఒక బస్సు కండక్టరు.
బోర్లా పండుకుని చీలమండలు పట్టుకుని విల్లులా లేస్తే
నా వెన్నులో టుంయ్ మంటుంది.
వాళ్లకు వినపడదు.

శవాసనం అనే మాట నా నోటికి రాదు.
"కొత్తగా ఏకిన పరుపు మీద పండుకున్నట్టు పండుకోండి" అంటాను.
ఉరుకుందప్ప గురక పెడతాడు. లేపను.
రాత్రంతా మూటలు మోసిన వీపు అది.

పుస్తకాలు చదివొచ్చినోళ్లు
కుంభకం చెప్పమంటారు,
గాలంతా వదిలేసి బయటే ఆపడం.
నాకు రాదని చెబుతాను.
వస్తుంది. ఆ రాత్రి నుంచీ వస్తుంది.

నాకు వచ్చిన ఉపాయం ఒక్కటే.
పదకొండు అని, ఆగకుండా,
గొంతు రొంత పెంచి
పన్నెండు అంటాను.
ముప్పై మంది ఒక్కసారే ఊపిరి తీసుకుంటారు,
పైన రేకు కూడా కదిలినట్టుంటుంది.

ఈరమ్మకి ఇదంతా యాడ చెప్పేది?
"పుట్నాల పొడి తక్కువేసినాడు ఈ పొద్దు" అన్నాను,
ఇంకో పిడికెడు నోట్లో పెట్టుకుంటూ.