అచ్చరం కడుపు

హన్మకొండ చౌరస్తల మెట్ల కింద
ఆరడుగుల ఫ్లెక్సు దుకాణం మాది.
ఫ్యాను గాలి కంటే మిషను వేడి ఎక్కువ.
తెర మీద ఎరుపొకటి, గుడ్డ మీద ఎరుపొకటి.
ఆ రెండింటికీ రాజీ కుదర్చడమే
పద్నాలుగేండ్లుగా నా కొలువు.

వచ్చినోళ్లంతా ఒకటే మాట:
"అడుగు లెక్కన పైసలిస్తున్న గద,
ఖాళీ ఎందుకిడిచినవ్?"
ఒక మూలకు దేవుడు, ఇంకో మూలకు లీడరు,
మామ, బామ్మర్ది, బామ్మర్ది దోస్తు,
అందరి నెత్తుల చుట్టూ వెలుగు.
అంత వెలుగుల
పుట్టినరోజు పిల్లగాడు ఏడున్నడో
వాళ్లమ్మే వెతుక్కోవాలె.

నాకు కుంచె పట్టిచ్చినోడు పెయింటర్ ఓదెలు.
కాజీపేట గోడల మీద ఎరువుల పేర్లు,
లారీల వెనుక పావురాలు రాసినోడు.
"అచ్చరానికి కడుపుంటది పిలగా,
దాన్ని నింపినవనుకో, నడువలేదు.
'ర' చూడు, 'ఠ' చూడు,
నేను గీసేది గీత,
సదివేటోడు సదివేది
గీత లోపలి గాలి."
అన్నంక బీడి ముట్టిచ్చి
రోడ్డు దాటి అవతలికి పోయి
కండ్లు చికిలిచ్చి చూసేటోడు.
ఆ చూపుల పేర్లన్నీ కరిగిపోయి
బరువులే మిగిలేవి.
ఎటు ఒరిగితే అటునుంచి
ఒక పువ్వునో, ఒక నీడనో తుడిచేసేటోడు.
చేర్చంగ నేను చూడలే ఎన్నడూ.

అంతకు ముందే కొంత అమ్మ చెప్పింది,
కొత్తవాడల జంపఖానా మగ్గం పక్కన
కండెలు చుట్టుకుంట:
"ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన కూసోవు,
తోడికోడళ్ల లెక్క.
నడుమ ఒక నల్లపోగు వెయ్యి,
ఎవలింట్ల వాళ్లు సల్లగుంటరు."
కాలేజీ పుస్తకాలల్ల
దానికి పెద్ద పేరే ఉన్నదట.
మా ఇంట్ల మాత్రం నల్లపోగే.

మొన్న మాఘంల మొగిలమ్మ వచ్చింది.
నయీంనగర్ నాలా పక్కన మిర్చిబజ్జీల బండి.
పేరేం పెట్టాలె అన్న,
ఫోన్ నంబరు చెప్పుమన్న,
"రుచికి మారుపేరు" అని రాద్దామన్న.
చదువు రాని ఆమె నవ్వింది.
"హసన్‌పర్తి బస్సు ఆడ ఆగదు బిడ్డా.
కిటికీల నుంచి చూసెటోనికి
ఎంతసేపు దొరుకుత నేను?"
కొంగు ముడి విప్పి
బల్ల మీద ఒక ఎండు మిరపకాయ పెట్టింది,
పొట్టిది, లావుది, ముడుతలది,
ఎనుమాముల మార్కెట్ల
కుప్ప పక్కన ఏరుకున్న చపాటా.
"గిది. పసుపు మీద. ఒక్కటే."

బజ్జీల వేసేది పచ్చిమిర్చి గద అంటే,
"పచ్చది చెట్లల్ల కలిసిపోతది" అన్నది.

ఎరుపు కోసం మూడు తునకలు అచ్చేసిన.
మొదటిది కుంకుమకు పోయింది.
రెండోది జాంపండు లోపలికి పోయింది.
మూడోది కొంచెం నయం.
మూడూ పట్టుకొని మొగిలమ్మ
ఆటోల నడుమ నుంచి రోడ్డు దాటింది.
అవతల నిలబడి
కండ్లు చికిలిచ్చింది.
ఓదెలును ఆమె ఎన్నడూ చూడలే.
తిరిగొచ్చి మూడోది నా చేతిల పెట్టి
"కాలే, గని ఉండనియ్యి" అన్నది.

పసుపుకూ మిరపకూ నడుమ
వెంట్రుకంత నలుపు తీసిన.
కుడిదిక్కు సగం బోర్డు ఖాళీగ ఇడిచిన.
ఇగ అడుగుతదేమో అని
జవాబు కూడ తయారు పెట్టుకున్న.
అడుగలే.
పైసలు లెక్కవెట్టి చుట్ట చంకల పెట్టుకొని పోయింది.

నెలన్నర దాటినంక అటు దిక్కు పోయిన.
నూనె పొగ పట్టి పట్టి
నాకు కుదరని ఎరుపు
కుదిరింది.
నేనిడిచిన ఖాళీల మేకు కొట్టి
జల్లిగంటె తగిలేసింది మొగిలమ్మ.
దాని నీడ పసుపు మీద ఊగుతున్నది.
రోడ్డు అవతలికి పోయి చూసిన:
ఎటూ ఒరుగలే.

ఎన్ని కట్టాలె అని అడిగింది.
నాలుగు అన్న,
ఉల్లిగడ్డ ఎక్కువెయ్యుమన్న.