ఏడో నంబరు టేబులు

తెల్లారుజాము నాలుగున్నరకి
ఎర్రవంతెన దాటుతుంటే కాలవ ఇంకా మేలుకోదు.
సైకిలు చైను ఒక్కటే మాట్లాడుతుంది నాతో,
నూనె వెయ్యమని.

షట్టరు సగం ఎత్తి దూరతాను.
పొయ్యి దగ్గర వెంకన్న మాస్టారు,
పిలుపుకే మాస్టారు, చదివింది మూడో తరగతి,
పెసలు రుబ్బిన గ్రైండరు కడుగుతూ
"వచ్చావా కెమిస్ట్రీ" అంటాడు.
"ఆయ్" అంటాను.
రోజులో అదే నా మొదటి హాజరు.

ఆరింటికి మొదటి బస్సు జనం.
రాజమండ్రి కోర్టు వాయిదాకెళ్ళే అన్నదమ్ములు
వేరు వేరు టేబుళ్ళ దగ్గర,
రొయ్యపిల్లల సంచులు ఆటోలో వదిలేసి
మాటిమాటికీ బయటికి చూసుకునే కుర్రాడు,
ఉప్మా పెసరట్టులో ఉప్మా వద్దనే పెద్దాయన.
మరి వట్టి పెసరట్టే చెప్పొచ్చు కదండీ అంటే
"అదీ ఇదీ ఒకటెలా అవుద్దిరా" అని కసురుతాడు.
ఎడమ చేతి మీద నాలుగు ప్లేట్లు
కుడి చేతిలో నీళ్ళ జగ్గు
నోటితో ఇడ్లీ వడ పూరీ పెసరట్టు
లోపల్లోపల లిథియం సోడియం పొటాషియం రుబీడియం.

మొన్న పరాగ్గా స్లిప్పు మీద
సోడియం క్లోరైడ్ రెండు అని రాసిచ్చేశాను.
వంటింట్లోంచి మాస్టారి కేక:
"ఒరే, ఇదేం టిఫినురా, మన దగ్గరుందా?"
ఉంది మాస్టారూ, సాంబార్లో కొంచెం ఎక్కువే ఉంది.
ఆ మాట పైకి అన్లేదు.

తొమ్మిదింటికి చొక్కా మారుస్తాను.
చేతులు మారవు.
ముందు బెంచీ సుకన్య వెనక్కి తిరిగి
ఎక్కణ్ణుంచే ఈ ఇంగువ వాసన అని వెతుకుతుంది.
నేనూ వెతుకుతాను.
ల్యాబులో మాత్రం, చెప్పుకోకూడదు గానీ,
బ్యూరెట్టు కొళాయి చుక్క చుక్కగా వదిలి
గులాబీ రంగు తగిలీ తగలగానే ఆపడం
ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.
డికాషన్లో పాలు పోసే చెయ్యి.

హాజరు డెబ్బై ఒకటి శాతం.
కావలసింది డెబ్బై అయిదు.
ఆ నాలుగూ ఆగస్టు తినేసింది.
గోదారి ఎర్రగా వచ్చి మా లంకని కావలించుకుంది,
పడవలు కట్టేశారు.
వరద పొట్లాల ఆర్డరు మా హోటలుకే.
రోజుకి రెండు వేలు, పులిహోర.
కాలేజీ లేదు, గది లేదు,
కట్టి కట్టి ఏ రెండింటికో
ఏడో నంబరూ ఎనిమిదో నంబరూ దగ్గరకి జరిపి
వాటి మధ్య సందు నడుముకి గుచ్చుకుంటుంటే
నిద్రపోయేవాణ్ణి.
ఆరో రోజు అమ్మ ఫోన్లో దొరికింది.
మేడ మీదున్నాం, అంతా బానే ఉన్నాం అని,
"పొట్లాలిస్తున్నార్రా, ఉప్పే, చెయ్యి జారినట్టుంది ఎవడికో" అంది.
ఉప్పు కలిపింది నేనే.
ఆ మాటా అన్లేదు.

నిన్న ఆదివారం.
హైమవతి మేడం, వాళ్ళ బాబు
వచ్చి ఏడో నంబరు దగ్గరే కూర్చున్నారు.
గోడకేసి తిరిగి గ్లాసులు సర్దాను,
సర్దిన గ్లాసులే మళ్ళీ సర్దాను.
ఆఖరికి వెళ్ళి "ఏం తీసుకుంటారండీ".
ఆవిడ నా చొక్కా జేబులోని స్లిప్పుల కట్టని చూశారు.
"రెండు నేతి ఇడ్లీ.
రికార్డు ఎప్పుడిస్తావు?"
"సోమవారం అండి."
"పోయిన సోమవారమూ అన్నావు."
బాబు కారప్పొడి అడిగాడు, బతికిపోయాను.

వెళ్ళేటప్పుడు అలవాటు కొద్దీ
ప్లేటు కింద పది రూపాయలు పెట్టబోయి
నా వంక చూసి
చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగి
నోటు మళ్ళీ పర్సులోకి వెళ్ళిపోయింది.
ఆ వెనక్కి తీసుకున్న పది
ఖర్చు కాకుండా నా దగ్గరుంది.

"ఎంతిచ్చార్రా?" అన్నాడు మాస్టారు.
ఏం లేదన్నాను.
"పిసినారి."
"కాదు మాస్టారూ" అన్నాను, ఈసారి పైకే.
తర్వాత గుడ్డ పిండి
ఏడో నంబరు తుడిచాను.
సందులో పాత మెతుకేదో, పసుపుగా,
గోరుతో గీకితే గాని రాలేదు.